నాయన గొంతూ, నా రెండో సబ్జెక్టూ

మా చెల్లెలి మనవరాలు మొన్న ఎమ్మిగనూరు నుంచి వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులు ఉంది. డిగ్రీలో కొత్తగా చేరింది. ఇప్పుడు డిగ్రీలో మేజరు అని ఒకటి, దానికి తోడుగా మైనరు అని ఒకటి ఉంటాయట. మైనరు ఏదో తేల్చుకుని ఫోనులోనే నొక్కి పంపాలట. మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఫోను మీద వేలితో పైకీ కిందికీ తోసుకుంటూ, "అవ్వా, మీ కాలంలో గూడా మైనరు ఉండెనా?" అని అడిగింది. ఉండేదన్నాను. "నువ్వేం తీసుకుంటివి?" అంది. సంగీత శాస్త్రం అన్నాను. ఆ పిల్ల ఫోను పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. జీవితమంతా జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పిన దాన్ని. నేను కూనిరాగం తీయగా కూడా మా ఇంట్లో ఎవరూ విని ఉండరు. "నువ్వు పాడతావా అవ్వా?" అంది. పాడను అన్నాను. "మరి దేనికి పనికొచ్చె అది?" అంది. పిల్ల ఎగతాళికి అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఏదో సర్ది చెప్పి భోజనానికి లేపాను. అది వెళ్లిపోయినప్పటి నుంచి ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది ఆదోని. మా నాయన ఈరన్న జిన్నింగు మిల్లులో మేస్త్రీ. పత్తి నుంచి గింజను వేరుచేసే యంత్రాలు వరసగా ఆడుతుంటే వాటి మధ్య తిరుగుతూ, ఏది సరిగ్గా ఆడటం లేదో చూసి బాగుచేయడం ఆయన పని. పెద్దకడుబూరు వైపు నుంచి, ఇంకా అవతలి పల్లెల నుంచి పత్తి బండ్లు వచ్చే కాలంలో మా వీధంతా పత్తిగింజల నూనె వాసన వేసేది. నాయన ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మల మీద, చెవుల మీది వెంట్రుకల్లో తెల్లగా నూగు పట్టి ఉండేది. అమ్మ వాకిట్లోనే ఆయన చేతికి చెంబు ఇచ్చేది. ఆయన మొహం కడుక్కుని, తుండుగుడ్డతో చెవులు తుడుచుకుని, అప్పుడు గడప దాటేవాడు. పొద్దున పూట బొరుగులతో చేసే ఉగ్గాని, అమ్మకు ఓపిక ఉన్న రోజు పక్కన మిరపకాయ బజ్జీ. రాత్రికి జొన్నరొట్టె, శెనక్కాయల చట్నీ. తినేటప్పుడు మాట్లాడకూడదని నాయన నియమం. ఆ నియమాన్ని ఆయన ఒక్కడే పాటించేవాడు. అమ్మా, నేనూ, చెల్లెలూ గొంతెత్తి మాట్లాడుతూనే ఉండేవాళ్లం. మా వీధిలో అందరూ గొంతెత్తే మాట్లాడేవారు. సగం ఇళ్ల మగవాళ్లు మిల్లుల్లో పనిచేసేవారు కాబట్టి అరవకపోతే ఎవరికీ ఏదీ వినపడదని అందరికీ అలవాటైపోయింది. పట్నంలో చదువుకు వెళ్లినాక నా స్నేహితురాళ్లు "ఎందుకే అంత గట్టిగా మాట్లాడతావు?" అని అడిగేదాకా మాది గట్టి గొంతు అని నాకు తెలియనే తెలియదు.

శనివారం వస్తే నాయన వేరే మనిషి. పొద్దున్నే తలంటు పోసుకుని, ఉతికిన పంచె కట్టి, నొసటన నామం దిద్దుకుని, ఆ రోజంతా ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. పొద్దు వాలగానే మా వీధి చివరి భజన మందిరానికి వెళ్లేవాడు. ఆయన పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు వంత పాడేవారు. నాయనకు సంగీతం ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు వాళ్ల పల్లెలో పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్న పాటలే. కానీ గొంతు మాత్రం గట్టిది, పై స్వరంలో కూడా పగలకుండా నిలబడే గొంతు. చరణంలో ఆయన పైకి పోతే మందిరం ముందు రొట్టెలు అమ్ముకునే ఆడవాళ్లు కూడా చేతులు ఆపి వినేవారు. ఆయన పక్కన హార్మోనియం పెట్టె ముందు కూర్చునేది హనుమంతప్ప. బజారులో బట్టలు కుట్టేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మెడలో కొలతల టేపు వేసుకుని తిరిగేవాడు. భజనకు కూడా ఆ టేపు తీయడం మరిచిపోయి వచ్చేవాడు. వాళ్లిద్దరిదీ చిన్ననాటి జత. ఇద్దరూ కలిసి ఎక్కువ మాట్లాడుకోవడం నేను చూడలేదు. పక్కపక్కన కూర్చునేవారు, అంతే.

నేను ఎం.ఏ. చరిత్రలో చేరాను. యూనివర్సిటీ ఉన్నది గుంతకల్లులో రైలు మారి వెళ్లవలసిన ఊళ్లో. చరిత్రకు తోడుగా వేరే శాఖ నుంచి ఒక సబ్జెక్టు తీసుకోవాలన్నారు. గణాంక శాస్త్రం అంటే భయం. ప్రభుత్వ పాలన క్లాసులు నా చరిత్ర క్లాసుల సమయంలోనే ఉన్నాయి. మిగిలింది సంగీత శాస్త్రం. మరీ అంత నిర్లిప్తంగానూ తీసుకోలేదులెండి. ఆ పేరు చూడగానే శనివారం సాయంత్రం నాయన మెడ నరాలు ఉబ్బడం కళ్ల ముందు కదిలింది. మొదటిసారి సెలవులకు ఇంటికి వస్తే నాయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఏదీ, ఒకటి పాడు సూద్దాం" అన్నాడు.

"పాడేది కాదు నాయనా. పాట గురించి సదివేది."

"పాడకుండా పాట గురించి ఏం సదువుతారమ్మా?"

"శ్రుతి అంటే ఏంది, స్వరం యాడ నుంచి పుడతాది, రాగాలు ఎట్ల ఏర్పడినాయి, పాత శాస్త్రాల్లో ఏం రాసినారు. అట్లాంటివి."

నాయన "సరేలే, సర్కారోళ్లు పెట్టినారంటే ఏదో ఒకటి ఉంటాది" అన్నాడు. ఆయన మొహంలో నిరాశ దాచుకోవడం నాకు కనిపించింది. కూతురు పాడుకుంటూ ఇంటికి వస్తుందని ఊరంతా చెప్పుకున్నట్టున్నాడు.

మాకు ఆ పాఠం చెప్పే ఆవిడను అందరూ అలమేలు మేడం అనేవారు. నలభై దాటిన మనిషి, ఖద్దరు చీరలు, నవ్వు తక్కువ. పాడే విద్యార్థుల క్లాసులు వేరే. మాలాగా వేరే శాఖల నుంచి వచ్చినవాళ్లం కొద్దిమందిమే ఆవిడ గదిలో చాప మీద కూర్చునేవాళ్లం. పుస్తకం తెరుస్తామని వెళితే ఆవిడ తంబురా ముందు పెట్టింది. తీగలు మీటి వినమంది. తర్వాత బిరడాను రవ్వంత తిప్పి, మళ్లీ మీటి, "పైకి పోయిందా, కిందికి పోయిందా?" అని అడిగింది. ఎవరికీ తెలియలేదు. మరుసటి క్లాసులోనూ అదే. ఆ పై క్లాసులోనూ అదే. తీగ కింద దూర్చే నూలుపోగు తెగిపోతే "ఆదోని పిల్లా, మీ ఊళ్లో పత్తి తప్ప ఏముంది, ఒక మంచి పోగు తెచ్చిపెట్టు" అనేది. నేను ఎమ్మిగనూరులో మా మామ వాళ్ల మగ్గం దగ్గర నుంచి నూలు తెచ్చి ఇచ్చాను. కొన్ని నెలలకు ఒకరోజు ఆవిడ బిరడా తిప్పింది, నేను అనుకోకుండానే "కిందికి" అన్నాను. చెవిలో ఏదో తలుపు తెరుచుకున్నట్టయింది. ఆ రోజు హాస్టలుకు నడిచి వెళుతుంటే సైకిలు గంటలు, నీళ్ల పంపు మోటారు, వంటమనిషి పిలుపు, అన్నీ ఒకదానికొకటి పైనా కిందా వినపడటం మొదలుపెట్టాయి. నాకు సంతోషంతో పాటు ఎందుకో కొంచెం భయం కూడా వేసింది.

ఆ చెవితో దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. శనివారం చెల్లెల్ని వెంటబెట్టుకుని భజనకు పోయి ఆడవాళ్ల వరసలో కూర్చున్నాను. నాయన పాట ఎత్తుకున్నాడు. పల్లవి బాగానే ఉంది. చరణంలో పైకి పోయినప్పుడు ఏదో తేడా కొట్టింది. మొదట హార్మోనియం పాతబడిందేమో అనుకున్నాను. మళ్లీ విన్నాను. నాయన గొంతు హార్మోనియం పలికే చోటుకు అందకుండా రవ్వంత కింద ఆగిపోతోంది. ఆయనకు అది తెలియడం లేదు. కళ్లు మూసుకుని, మొహం నిండా తృప్తితో పాడుతున్నాడు. అప్పుడు నా చూపు హనుమంతప్ప వేళ్ల మీద పడింది. చరణం ముగిసి వంత పాడేవాళ్లు అందుకునేలోపల, తాళాల మోతలో ఎవరూ గమనించకుండా, ఆయన వేళ్లు ఒక మెట్టు పక్కకు జరిగాయి. పాట మొత్తం కిందికి దిగింది. వంతవాళ్లు దిగిన చోటే అందుకున్నారు. నాయన మళ్లీ జారాడు. హనుమంతప్ప వేళ్లు మళ్లీ జరిగాయి. పాట మొదలైన చోటు ఒకటి, ముగిసిన చోటు ఒకటి. వినేవాళ్లకు మాత్రం ఎక్కడా అపస్వరం లేదు. ఆయన పెట్టెతో నాయన వెనకాలే నడుచుకుంటూ పోయాడు.

మర్నాడు పొద్దున హనుమంతప్ప దుకాణానికి వెళ్లాను. కాలితో మిషను తొక్కుతున్నవాడు నన్ను చూసి ఆపాడు. "మామా, నిన్న భజనలో నువ్వు శ్రుతి మారుస్తా ఉంటివి" అన్నాను. ఆయన మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టి చాలాసేపు దాన్ని చుట్టాడు.

"నీకు తెలిసెనా అమ్మా?" అన్నాడు.

"తెలిసె."

"మీ నాయనకు సెవులు పోతాండాయి. శాన్నాళ్ల నుంచి పోతాండాయి. మిల్లు తినేసినాది. మాకందరికీ తెల్సు. ఆయప్పకు మాత్రం తెల్వదు. ఎవురు సెప్తారు? ఆ పాట ఒకటే గదా ఆయప్పకు ఉండేది."

"ఎన్నాళ్లు ఇట్ల?"

"నా సేతి యేళ్లు ఆడినన్నాళ్లు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు బాధ చెప్పాడు. పంటలు ఇళ్లకు చేరాక ఎమ్మిగనూరులో, మా అమ్మ పుట్టింటి మగ్గాల వీధిలో, చుట్టుపక్కల భజన గుంపులన్నీ కలిసే పెద్ద భజన ఉంది. గోనెగండ్ల వాళ్లు, పెద్దకడుబూరు వాళ్లు, ఇంకా చాలామంది వస్తారు. అత్తగారి ఊరు కాబట్టి నాయన అక్కడ పాడతానని మాట ఇచ్చేశాడు. కానీ అక్కడ అన్ని గుంపులకూ ఒకటే హార్మోనియం. ఆ ఊరి మనిషే వాయిస్తాడు. పొద్దున ఏ శ్రుతి పెడితే సాయంత్రం దాకా అదే. "ఆడ నేను పక్కన ఉండి గూడా ఏం సేయల్యాను. అందరూ నవ్వుతారు. ఆ నవ్వులు గూడా ఆయప్పకు ఇనపడవు, మొహాలు సూసి తెలుసుకోవాల. అది నేను సూడల్యాను అమ్మా" అన్నాడు. మాట ముగించి మిషను మీదికి వంగాడు గాని తొక్కలేదు.

సెలవులు అయిపోయి వెళ్లినాక అలమేలు మేడంకు అంతా చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. ఆవిడ తంబురా ఒళ్లో పెట్టి, "దీని బుర్రకు నీ దవడ ఆనించు. రెండు చెవులూ మూసుకో" అంది. మీటింది. నాదం ఎముకల్లో నుంచి వచ్చి తలంతా నిండింది. "చెవి ఒక్కటే దారి కాదు. మీ నాయనకు ఈ దారి ఎంతవరకు తెరిచి ఉందో నాకు తెలియదు. మోతకు చెడిన చెవులకు పెద్దగా లాభం ఉండకపోవచ్చు. తాకితే తెలిసేదైనా తెలుస్తుంది. చూడు" అంది. వచ్చేముందు ఇంకో మాట చెప్పింది. "దాచి పెట్టి ఆయన్ను కాపాడాలని చూడకు. గాయకుడికి తన శ్రుతి తెలుసుకునే హక్కు ఉంటుంది."

ఆ మాట పట్టుకుని ఎమ్మిగనూరు భజనకు ముందే ఇల్లు చేరాను. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. నాయనతో గుట్టుగా ఏదైనా చెప్పాలంటే గుట్టుగా చెప్పడం కుదరదు. వినపడేలా చెబితే వీధంతా వింటుంది. అమ్మతో అన్నాను. అమ్మకు ఎప్పటి నుంచో తెలుసని అప్పుడు తెలిసింది. "నేను సెప్పల్యాను సరోజా. పెండ్లి అయినప్పట్నించి ఆ గొంతు ఇంటానే ఉండాను. నువ్వు సదువుకున్న దానివి, నువ్వే సూడు" అని వంటింట్లోకి పోయింది. నేను చదువు పని ఉందని వంక పెట్టి హనుమంతప్ప దగ్గర నుంచి హార్మోనియం తెచ్చుకున్నాను. ఆదివారం పొద్దున ఉగ్గాని తిని నాయన అరుగు మీద కూర్చోబోతుంటే చెయ్యి పట్టి లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేశాను. ఆయన ముందు పెట్టె పెట్టి, షడ్జం పట్టి, పాడమని సైగ చేశాను. ఆయన నవ్వుతూ పాడాడు. కింద సరిపోయింది. పై షడ్జం పట్టాను. ఆయన పాడాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన నవ్వు ఆగిపోయింది. మళ్లీ పాడాడు. మళ్లీ తల ఊపాను. అప్పుడు నా చేత్తో ఆయన దవడను పెట్టె చెక్కకు ఆనించి, తిత్తి ఊదుతూ కింది షడ్జం పట్టి అలాగే ఉంచాను.

నాయన కళ్లు పెద్దవయ్యాయి. అట్లాగే, పెట్టె మీద తల వాల్చి, పిల్లవాడు గోడకు చెవి ఆనించి విన్నట్టు విన్నాడు. నా చెయ్యి నొప్పి పుట్టినా ఊదడం ఆపలేదు. నెమ్మదిగా పైకి పోయాను. కొంతదాకా ఆయన తల ఊపుతూ వచ్చాడు. ఒక చోటు దాటాక తల ఊపడం ఆగిపోయింది. నేను వాయిస్తూనే ఉన్నాను, ఆయన ఎదురుచూస్తూనే ఉన్నాడు. తర్వాత లేచి కూర్చున్నాడు.

"కిందిది తెలుస్తాంది. పైది రాల్యా" అన్నాడు. "ఎవురు సెప్పినారు నీకు?"

"ఎవురూ సెప్పల్యా నాయనా. నా సెవికే తెలిసె" అని ఆయన మొహానికి దగ్గరగా పోయి, పెదవులు కనపడేలా అన్నాను.

చాలాసేపు పెట్టె చెక్క మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. బయట ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆయనకు వినపడలేదు, నేను పలకలేదు. "నువ్వు సదివేది ఇదేనా?" అన్నాడు చివరికి. "ఇది గూడా" అన్నాను. "మంచి సదువే" అన్నాడు. కళ్లు తుడుచుకోలేదు, అవి కారుతుంటే అట్లాగే వదిలేశాడు. నాయన ఏడవగా నేను చూడటం అదే మొదలు. నేను ఆయన చేతి మీద చెయ్యి వేశాను. ఆయన తీసేయలేదు.

ఎమ్మిగనూరు ప్రయాణం మానుకుంటాడేమో అనుకున్నాం. మానుకోలేదు. భజన రోజు పొద్దున అందరం బస్సులో పోయాం. మగ్గాలు ఆపేసి వీధి పొడుగునా పందిరి వేశారు. గోడల నుంచి గంజి పెట్టిన నూలు వాసన వస్తోంది. అడ్డంగా కట్టుకున్న పంచెలతో, భుజాన తాళాల సంచులతో గుంపులు దిగుతున్నాయి. మా గుంపు వంతు వచ్చినప్పుడు నాయన ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా హార్మోనియానికి మోకాలు తగిలేంత దగ్గరగా పోయి కూర్చుని, ఎడమ అరచెయ్యి ఆ పెట్టె మీద పెట్టాడు. వాయించే ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "ఉండనీలే అప్పా" అన్నాడు హనుమంతప్ప. నాయన ఎప్పుడూ పాడే పాటలు వదిలేసి, మా నాయనమ్మ పాడే ఒక తత్వం ఎత్తుకున్నాడు. గొంతు కింద కింద నడిచే పాట. పల్లవి నిలబడింది. మొదటి చరణం నిలబడింది. ఆఖరి చరణంలో పాట పైకి లేస్తుంది. అక్కడికి రాగానే నాయన ఆగి, కుడి చెయ్యి ఎత్తి తన గుంపు వైపు చాపాడు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. హనుమంతప్ప, బొంగురు గొంతువాడు, జన్మలో ఎన్నడూ పాట ఎత్తుకోనివాడు, దాన్ని అందుకున్నాడు. వెంటనే అందరూ అందుకున్నారు. నాయన వాళ్ల పెదవులు చూస్తూ తల ఊపుతూ కూర్చుని, పాట కిందికి దిగినప్పుడు మళ్లీ కలిశాడు. ఎక్కడా తప్పలేదు. పెద్దకడుబూరు గుంపు పెద్దాయన ఒకడు లేచి, "ఈరన్న మేస్త్రీ కొత్త పద్ధతి పెట్టినాడే, బాగుండాదప్పా" అన్నాడు. నాయనకు వినపడలేదు. ఆ పెద్దాయన మొహం చూసి దండం పెట్టాడు.

తిరుగు బస్సులో నాయన, హనుమంతప్ప ఒకే సీటులో కూర్చున్నారు, నేనూ అమ్మా వెనక సీటులో. కోటేకల్ దాటాక నాయన కిటికీలోంచి చూస్తూనే, "ఇంగ నేను ఎత్తుకోను" అన్నాడు. ఆయన గట్టిగానే అన్నాడు కాబట్టి బస్సంతా విన్నది. మరుసటి శనివారం నుంచి నాయన తాళాలు తీసుకున్నాడు. తాళం చేతికి తెలుస్తుంది కాబట్టి లయ ఎన్నడూ తప్పలేదు. పాట ఎత్తుకోవడం మా వీధిలోనే ఇంకొకాయనకు అప్పగించి, ఆయన పాడుతుంటే పెదవుల మీదే కళ్లు పెట్టి తాళం వేసేవాడు. తర్వాత నాకు ఉద్యోగం వచ్చినాక ఆయన్ను కర్నూలులో చెవుల డాక్టరుకు చూపించాను. నరాలు చచ్చిపోయాయని, చెవికి మిషను పెట్టినా అంతంతేనని చెప్పారు. పెట్టించాను. నాయన దాన్ని ఒక వారం పెట్టుకుని, "ఇది మిల్లు మోతే మళ్లీ ఇనిపిస్తాంది" అని తీసి గూట్లో పెట్టేశాడు.

నా ఎం.ఏ. అయిపోయింది. చరిత్రలో మంచి మార్కులు, సంగీత శాస్త్రంలో ఓ మోస్తరు మార్కులు వచ్చాయి. ఆ సబ్జెక్టు గురించి నన్ను ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగలేదు. నాయన పనిచేసిన మిల్లు ఉన్న చోట ఇప్పుడు కల్యాణ మండపం ఉంది. పెళ్లిళ్ల కాలంలో అక్కడ వేసే స్పీకర్ల మోతకు ఎవరి చెవులు పోతున్నాయో నాకు తెలియదు. కొత్త మిల్లుల్లో చెవులకు పెట్టుకోవడానికి ఏవో ఇస్తారట. పెట్టుకునేవాళ్లు పెట్టుకుంటారు. మా వీధి మందిరంలో ఇప్పటికీ శనివారం భజన జరుగుతుంది. మైకు ఉంది, కీబోర్డు ఉంది. శ్రుతి ఫోనులో పెట్టుకుంటున్నారు. పొద్దస్తమానం పలికినా రవ్వంత కదలదు, చాలా శుద్ధమైన శ్రుతి. అలమేలు మేడం ఉంటే మెచ్చుకునేది. నేను మెచ్చుకోలేదని కాదు. అప్పుడప్పుడు పోయి వెనక కూర్చుంటాను. పాడేవాడు తప్పితే తప్పినట్టు స్పష్టంగా తెలుస్తుంది. వాడు తడబడి మళ్లీ దారిలోకి రావాలి, లేదా మానుకోవాలి. ఇదే మంచి పద్ధతేమో. పాతదే గొప్పదని అనే వయసు నాకు వచ్చింది గాని, నాయన చెవులు పోయిన ఆ కాలాన్ని గొప్పదని నా నోటితో అనలేను. అప్పట్లో మనుషులు ఒకరి లోపాన్ని ఇంకొకరు మోసేవారు. ఆ లోపం రాకుండా ఆపడం మాత్రం ఎవరికీ చేతకాలేదు.

హనుమంతప్ప పోయినప్పుడు నేను ఆదోనిలోనే ఉన్నాను. పొద్దున కబురు వచ్చింది. మేం పోయేసరికి దుకాణం ముందు పందిరి వేసి ఆయన్ను పడుకోబెట్టారు. భజన గుంపు చుట్టూ కూర్చుని ఉంది. నాయనకు అప్పటికి ఏమీ వినపడదు. ఉరుము కూడా వినపడదు. ఆయన వచ్చి తన చోట, హనుమంతప్ప తల పక్కన కూర్చున్నాడు. హార్మోనియం పెట్టెను ఎవరో గోడ పక్కన పెట్టారు, తెరిచేవాళ్లు లేరు. పాట ఎవరు ఎత్తుకోవాలా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, నాయన తాళాలు కింద పెట్టాడు. ఎన్నో ఏళ్లుగా మూసిన నోరు తెరిచి, తన పడుచు వయసులో పాడే పాట ఎత్తుకున్నాడు. చరణంలో పై స్వరానికి పోయే పాటే. గొంతు వణికింది. శ్రుతి ఒక చోట నిలబడలేదు. చరణానికో చోటుకు పోయింది, ఒక్కో మాటకు కూడా మారింది. నా చెవికి ప్రతి తప్పూ వినపడింది. వంతవాళ్లు ఆయన ఎక్కడికి పోతే అక్కడికి పోవాలని చూశారు. అందక ఒక్కొక్కరే మానేశారు. చివరి చరణం నాయన ఒక్కడే పాడాడు. వీధిలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నవ్వినవాళ్లు ఎవరూ లేరు.

అంతా అయిపోయి, ఇంటికి వచ్చి స్నానం చేసి, నాయన అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ ఏదో తినమని పళ్లెం పెట్టింది, ముట్టలేదు. నన్ను చెయ్యి ఊపి పిలిచాడు. "సరిగ్గా వచ్చెనా?" అన్నాడు. హార్మోనియం ముందు కూర్చున్న ఆ ఆదివారం నుంచి ఆ ప్రశ్నకు నేను ఆయనకు ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. తల అడ్డంగా ఊపాను. నాయన కొంచెం కూడా నొచ్చుకోలేదు. ముందే తెలిసినట్టు తల పంకించాడు.

"ఎట్ల వస్తాదిలే" అన్నాడు. "వాడు పాయె గదా. ఇంగ నా యెంట పెట్టె జరుపుకుంటా వచ్చేది ఎవురు?"

హనుమంతప్ప మాత్రం నాయనకు ఆ సంగతి తెలియదనుకుంటూనే పోయాడు.